జూలై 1 నుంచి బళ్లు అంటున్నారు. మరి ప్రైవేటు టీచర్ల రెండు వేలు, పాతిక కిలోల బియ్యం ఆపేయాలా, ఉంచాలా?

లెక్కలసార్_హన్మకొండ | 2021 జూన్ 21, ఉదయం 7:40

శనివారం తెలంగాణ కేబినెట్ కరోనా లాక్‌డౌన్ పూర్తిగా ఎత్తేసింది. జూలై 1 నుంచి బళ్లు తెరుస్తామనీ చెప్పింది. ఆ రాత్రి నుంచే మా స్టాఫ్ గ్రూపులో ఒకటే టెన్షన్. బళ్లు తెరిస్తే, ప్రైవేటు టీచర్లకు సర్కారు ఏప్రిల్ నుంచి నెలనెలా ఇస్తున్న రెండు వేలు, 25 కిలోల బియ్యం కట్ అవుతాయా అని.

కట్ అవుతాయో లేదో హైదరాబాద్‌లో తేలుతుంది. కట్ కావాలా వద్దా అన్నది ఇక్కడ మాట్లాడుకుందాం.

నా మాట ముందే చెప్తా. ఆపొద్దు. బడి గంట కొట్టిన రోజే జీతం రాదు. మా లాంటి చిన్న బళ్లలో ఫీజు పత్తి అమ్మినాక కొంత, మిర్చి అమ్మినాక కొంత వస్తుంది. జూన్, జూలైలో తల్లిదండ్రుల చేతిలో ఉన్న పైసలు విత్తనాలకూ మందు బస్తాలకూ పోతాయి. మామూలు సంవత్సరాల్లోనే ఆగస్టు జీతం సెప్టెంబరు ఇరవై దాటాక ఇచ్చే బళ్లున్నాయి. మొన్న ఫిబ్రవరి సంగతి చూశాం కదా. 1న తొమ్మిది, పది తరగతులు మొదలుపెట్టారు. 24న ఆరు నుంచి ఎనిమిది దాకా పిలిచారు. నెల తిరిగేసరికి, మార్చి 24న, మళ్లీ అన్నీ మూశారు. ఆ నెల పాఠాలు చెప్పిన పైసలే చాలామందికి ఇంకా రాలేదు.

ఇంకోటి. ఉపాధి హామీ కూలి మన రాష్ట్రంలో ఈ ఏడాది రోజుకు 245 రూపాయలు. రెండు వేలంటే ఎనిమిది రోజుల కూలి. బీఎడ్ చేసినవాడికి నెలకు ఎనిమిది రోజుల మట్టిపని పైసలిచ్చి, దాన్ని కూడా ఎప్పుడు ఆపుదామా అని క్యాలెండర్ చూస్తే ఎట్ల?

పాకాల_గాలి | జూన్ 21, ఉదయం 8:05

ఉండాలె. ఆపితే మా బడిలో సగం మంది సార్లు వాపస్ రారు. మా సోషల్ సార్ ఇప్పుడు టిఫిన్ బండి పెట్టిండు, బడిలో వచ్చేదానికంటే అదే నయం అంటుండు.

నర్సంపేట_కరస్పాండెంట్ | జూన్ 21, ఉదయం 9:30

సార్, మీ బాధ నిజమే. ఈ వేదికలో బడి నడిపేవాడి మాట కూడా ఒకటి ఉండాలి కాబట్టి రాస్తున్నా. తిట్టేవాళ్లు చివరిదాకా చదివి తిట్టండి.

మాది కార్పొరేట్ బడి కాదు. ఊరి పిల్లలు, కిరాయి బిల్డింగు, రెండు వ్యాన్లు, వాటి ఈఎంఐలు. పోయినేడు ప్రభుత్వం జీవో 46 ఇచ్చింది. ఫీజు పెంచొద్దు, ట్యూషన్ ఫీజు ఒక్కటే, అదీ నెలనెలా తీసుకోవాలి అని. మంచిదే. కానీ ఊళ్లోకి పోయేసరికి అది "ఫీజు కట్టనక్కర్లేదట" అయింది. ఆన్‌లైన్ క్లాసులకు లింకు పంపితే వచ్చేవాళ్లు మూడో వంతు, ఫీజు కట్టేవాళ్లు అందులో మూడో వంతు.

సర్కారు మీకు రెండు వేలు ప్రకటించాక ఏమైందో తెలుసా? ఫీజు అడగడానికి ఇంటికి పోతే ఒకాయన నా ముఖం మీదే అన్నాడు: "సార్లకు ఇప్పుడు కేసీఆరే ఇస్తున్నడు కదా, ఇంక మీకెందుకు?" సాయం మీకు రెండు వేలు తెచ్చింది, నాకు వచ్చే అయిదారు వేల ఫీజును ఆపింది. ఆ ఫీజు వస్తే నేనే మీకు ఇచ్చేవాణ్ని.

కాబట్టి నా మాట: బళ్లు నిజంగా తెరిస్తే ఆపేయాలి. తెరిచాక కూడా నడిస్తే తల్లిదండ్రులు ఎప్పటికీ అలవాటు పడతారు.

పాకాల_గాలి | జూన్ 21, ఉదయం 9:41

"నేనే మీకు ఇచ్చేవాణ్ని" 😀 ఏ లోకంలో సార్?

మిర్చియార్డు_కౌలు | జూన్ 21, మధ్యాహ్నం 1:15

నేను టీచర్ కాదు, బడి ఓనర్ కాదు. మూడెకరాలు కౌలుకు చేస్తా. ఈ నెలలో రైతుబంధు పడింది, ఎకరానికి అయిదు వేలు. ఎవరికి? పట్టా ఉన్న ఆసామికి. ఆయన హైదరాబాద్‌లో ఉంటడు. దున్నేది, మందు కొట్టేది నేను. నాకు పైసా లేదు.

ఎందుకు చెప్తున్నానంటే, ఏనుమాముల యార్డుకు మిర్చి తీసుకొచ్చినప్పుడు మా బిడ్డ ఇంగ్లిష్ సార్ అక్కడ బస్తాలు మోస్తుంటే చూసిన. నన్ను చూసి తల తిప్పుకున్నడు. నేనే పోయి పలకరించిన. అప్పుడనిపించింది, మా ఇద్దరి కథ ఒకటే. కాగితం మీద పేరున్నోడికే పైసలు. సారు పేరు ఏడాది దాకా ఏ కాగితంలో లేదు, నా పేరు ఇప్పటికీ లేదు.

సార్లకు ఇచ్చేది ఆపమని నేను అనను. కానీ మాలాంటోళ్లకు ఎప్పుడు ఇస్తరో కూడా అడుగుండ్రి.

ఆటో_కాజీపేట | జూన్ 21, సాయంత్రం 6:50

కరస్పాండెంట్ గారు, ఫీజు కట్టని తండ్రుల్లో నేనొకణ్ని. సర్కారు సార్లకు ఇస్తుందని ఆపలేదు. స్టేషన్ ముందు రైళ్లు లేక బేరాల్లేక ఆపిన. పోయినేడు ఏప్రిల్, మే నెలల్లో రేషన్ కార్డుకు 1,500 ఇచ్చారు, మనిషికి 12 కిలోల బియ్యం ఇచ్చారు. ఆ 1,500తో బాబుకు ఫోన్ రీఛార్జ్, గ్యాసు, ఇంతే. ఈసారి రెండో లాక్‌డౌన్‌లో ఆ 1,500 ముచ్చటే లేదు. బియ్యం మాత్రం ఇస్తున్నారు.

నాకు బేరం నడిస్తే మీకు ఫీజు వస్తది, మీకు ఫీజు వస్తే సారుకు జీతం వస్తది. మధ్యలో సారుకు ఒక్కడికే ఇచ్చి ఊరుకుంటే మొదలు ఎండిపోయిన చెట్టుకు కొసకొమ్మ మీద నీళ్లు చల్లినట్టే.

లెక్కలసార్_హన్మకొండ | జూన్ 21, రాత్రి 9:10

@ఆటో_కాజీపేట అన్నా, మీ మాట చాలా సరైనది. కానీ ఆచరణలో ఒకటి చూడండి. రేషన్ కార్డులు రాష్ట్రంలో 87 లక్షల పైచిలుకు. కార్డుకు 1,500 అంటే నెలకు 1,300 కోట్లు దాటుతుంది. మాది లక్ష మందికి లెక్కేసినా రెండు వేల చొప్పున 20 కోట్లు, రెండు లక్షల మందికైతే 40 కోట్లు. అందుకే ఈసారి మాది ముందు ఇచ్చారు, ఇవ్వడం తేలిక కాబట్టి. మీకు అక్కర్లేదని కాదు.

@నర్సంపేట_కరస్పాండెంట్ సార్, ఒక్క ప్రశ్న. గొడవకు కాదు, తెలుసుకోవాలని అడుగుతున్నా. మీ బడిలో టీచర్లకు పీఎఫ్ ఉందా? జీతం బ్యాంకులో వేస్తారా, కవర్లో ఇస్తారా?

నర్సంపేట_కరస్పాండెంట్ | జూన్ 21, రాత్రి 10:02

కవర్లోనే. నాది దాచేదేముంది, జిల్లాలో చిన్న బళ్లన్నీ అంతే. పీఎఫ్ పెడితే ఫీజు పెంచాలి, పెంచితే పిల్లలు పక్క బడికి పోతారు.

లెస్టర్‌లో_ఓరుగల్లు | జూన్ 22, తెల్లవారుజాము 2:20

నిద్ర పట్టక చదువుతున్నా. మాది హన్మకొండే, ఇంగ్లండ్‌లో హోటల్లో పనిచేస్తాను. కిందటేడు మార్చి నుంచి చాలా నెలలు ఫర్లో మీదే బతికాను కాబట్టి ఇక్కడ ఎలా చేశారో చెప్తాను. మనకు కాపీ కొట్టమని కాదు.

మా హోటల్ మూతపడింది. ఉద్యోగం మాత్రం తీసేయలేదు. జీతంలో 80 శాతం, నెలకు 2,500 పౌండ్లు మించకుండా, ప్రభుత్వం ఇచ్చింది. నా ఖాతాలో నేరుగా వేయలేదు. యజమాని ఎప్పటిలాగే జీతం వేస్తాడు, ఆ డబ్బు ట్యాక్స్ ఆఫీసు నుంచి తీసుకుంటాడు. నేను ఎక్కడా అప్లై చేయలేదు, ఎవరినీ బతిమాలలేదు. ఎందుకంటే నా జీతం ఎంతో ట్యాక్స్ ఆఫీసుకు ప్రతినెలా ముందే తెలుసు. అందుకే ప్రకటించిన అయిదారు వారాల్లో ఆ డబ్బు యజమానుల చేతికి రావడం మొదలైంది. మన కవరు జీతాలకు అది చేయాలంటే మొదటి మెట్టు దగ్గరే ఆగిపోతుంది.

ఆపడం గురించి కూడా ఇక్కడొక పాఠం ఉంది. ఫర్లో 2020 అక్టోబరు 31తో అయిపోతుందని చెప్పారు. అది నమ్మి సెప్టెంబరు, అక్టోబరుల్లో కంపెనీలు మనుషుల్ని పెద్ద ఎత్తున తీసేశాయి. తీరా అక్టోబరు 31న, అదే రోజు సాయంత్రం, రెండో లాక్‌డౌన్ ప్రకటిస్తూ ఫర్లో పొడిగించారు. పోయిన ఉద్యోగాలు పోయినట్టే. మా హోటల్లోనే వంటగదిలో ఇద్దరు అలా బయటికి వెళ్లారు. తర్వాత బుద్ధి వచ్చి ఇప్పుడు మెల్లగా దించుతున్నారు. జూలైలో ప్రభుత్వం 70 శాతం, యజమాని 10. ఆగస్టు, సెప్టెంబరుల్లో ప్రభుత్వం 60, యజమాని 20. సెప్టెంబరు 30తో ముగింపు. పనివాడికి చేరేది మాత్రం చివరిదాకా 80 శాతమే.

కాబట్టి "ఆపాలా, ఉంచాలా" అని అడిగితే తేలదు. ఎలా దించాలి, ఎన్నాళ్ల ముందు చెప్పాలి అన్నది అడగండి.

మెట్‌పల్లి_తమ్ముడు | జూన్ 22, ఉదయం 10:40

మంచి సమాచారం అన్నా. నేను ఇంకో కోణం చెప్తా.

మా అమ్మ బీడీలు చేస్తది. మా దిక్కు, మెట్‌పల్లి, కోరుట్ల, అటు నిజామాబాద్, నిర్మల్ దాకా ఇంటింటికీ చాటలు కనబడతయి. పోయినేడు లాక్‌డౌన్‌లో కంపెనీ ఆకు, తంబాకు ఇవ్వలేదు. తర్వాత కూడా నెలలో సగం రోజులే పని. కానీ మా అమ్మకు బీడీ కార్మికుల కార్డు ఉంది, పీఎఫ్ నంబరు ఉంది. ఆ నంబరు ఉన్నందుకే సర్కారు ఇచ్చే 2,016 రూపాయల జీవనభృతి వస్తుంది. కరోనాకు ముందు నుంచీ వస్తుంది, ఎవరూ ఆపాలా అని చర్చ పెట్టలేదు.

మా అక్క ఎమ్మెస్సీ బీఎడ్. ప్రైవేటు బడిలో చెప్తది. ఆమెకు పీఎఫ్ లేదు, కార్డు లేదు, అపాయింట్‌మెంట్ కాగితం లేదు. ఒకే ఇంట్లో చదువుకోని అమ్మ దగ్గర పనికి రుజువు ఉంది, ఎమ్మెస్సీ అక్క దగ్గర లేదు. పోయినేడు ఇంట్లో బియ్యం, పప్పు అమ్మ పైసలతోనే వచ్చినయి.

పోయినేడు మా అక్క కూడా చాట ముంగట కూసుంది. అమ్మ వద్దన్నా వినలే.

ఆడిటర్_సుబేదారి | జూన్ 22, మధ్యాహ్నం 12:25

చర్చ సరైన చోటికి వచ్చింది. ఈ ఏడాదిన్నరలో జీతాల కోసం మన దేశంలో ఏమేం చేశారో, అవి చిన్న బడి దాకా ఎందుకు రాలేదో చెప్తాను. కాస్త పొడవు అవుతుంది.

2020 మార్చి 29న కేంద్ర హోం శాఖ ఒక ఉత్తర్వు ఇచ్చింది. లాక్‌డౌన్ కాలానికి యజమానులందరూ కోత లేకుండా పూర్తి జీతం ఇవ్వాలని. ప్రభుత్వం దానికి ఒక్క రూపాయి పెట్టలేదు. అత్త సొమ్ము అల్లుడు దానం చేసినట్టు. కోర్టుకు వెళ్లారు. మే 18 నుంచి ఆ ఉత్తర్వే లేకుండా పోయింది. జూన్ 12న సుప్రీంకోర్టు, యజమానులు కార్మికులు కూర్చుని మాట్లాడుకుని తేల్చుకోండి, అంతవరకు యజమానుల మీద బలవంతపు చర్యలు వద్దు అంది. కవరు జీతం తీసుకునే టీచర్ ఎవరితో కూర్చుని ఏం మాట్లాడుతుంది?

రెండోది, పీఎఫ్. వంద మంది లోపు ఉద్యోగులుండి, అందులో 90 శాతం మంది జీతం 15 వేల లోపు ఉన్న సంస్థలకు, ఉద్యోగి వాటా 12, యజమాని వాటా 12, కలిపి 24 శాతం కేంద్రమే కట్టింది. 2020 మార్చి నుంచి ఆగస్టు దాకా. నర్సంపేట సార్ బడిలాంటి వాటికి సరిగ్గా సరిపోయే పథకం. కానీ పీఎఫ్‌లో నమోదైన బడికే వర్తిస్తుంది. పీఎఫ్ పెడితే ఖర్చని మానుకున్న బడి, ప్రభుత్వమే ఆ ఖర్చు భరించిన ఆరు నెలలూ పోగొట్టుకుంది.

మూడోది, ఈఎస్ఐ (ఉద్యోగుల బీమా). 2020 మార్చి 24 తర్వాత ఉద్యోగం పోయినవాళ్లకు సగటు జీతంలో సగం, 90 రోజుల దాకా ఇచ్చే అటల్ బీమిత్ వ్యక్తి కల్యాణ్ యోజన. అంతకుముందు 25 శాతమే ఉండేది, పెంచారు. ఇదీ నంబరు ఉన్నవాళ్లకే.

ఇప్పుడు రెండు వేల సంగతికి రండి. నా దృష్టిలో ఇందులో విలువైనది రెండు వేలు కాదు, లిస్టు. యుడైస్ (బళ్ల వివరాలు నమోదయ్యే ప్రభుత్వ డేటా) వివరాలు పట్టుకుని, హెడ్మాస్టర్ల చేత ఆధార్, బ్యాంకు ఖాతా తీసుకుని, విద్యాశాఖ తనిఖీ చేసి తయారుచేసింది. ఏ బడిలో ఎవరు పనిచేస్తున్నారో బ్యాంకు ఖాతాతో సహా ప్రభుత్వం దగ్గర ఇంతకుముందు ఎప్పుడూ లేదు. పథకం ఆపితే ఆ లిస్టు కూడా బీరువాలోకి పోతుంది. మూడో వేవ్ వస్తే మళ్లీ మొదటి నుంచి జిరాక్సులు.

అయితే యజమానుల చేతికి మాత్రం ఇవ్వొద్దు. ఆస్ట్రేలియాలో జాబ్‌కీపర్ పేరుతో మొదట్లో రెండు వారాలకు మనిషికి 1,500 డాలర్ల చొప్పున యజమానులకు ఇచ్చారు. ఈ మార్చిలో ముగిసింది. వ్యాపారం పడిపోతుందని అంచనా చూపించి తీసుకుని, తీరా పడిపోని కంపెనీలు కూడా ఆ సొమ్ము ఉంచుకున్నాయని అక్కడ పెద్ద గొడవే నడుస్తోంది. మన దగ్గర నేరుగా ఖాతాలో వేయడం ఒక్కటీ మంచి పని.

నర్సంపేట_కరస్పాండెంట్ | జూన్ 22, మధ్యాహ్నం 1:05

ఆడిటర్ గారు, పోయినేడు మార్చిలో ఈ పీఎఫ్ ముచ్చట నాకెవరూ చెప్పలేదు.

ఆడిటర్_సుబేదారి | జూన్ 22, మధ్యాహ్నం 1:11

చెప్పినా ఆలస్యమే సార్. అప్పటికే నమోదై, ఉద్యోగుల పేర్లు ఉండాలి. ఇప్పుడు ఇంకోటి ఉంది, ఆత్మనిర్భర్ భారత్ రోజ్‌గార్ యోజన. 2020 అక్టోబరు 1 తర్వాత కొత్తగా చేరినవాళ్లకు, కరోనాలో పని పోయి మళ్లీ చేరినవాళ్లకు రెండేళ్లపాటు పీఎఫ్ వాటాలు కేంద్రం కడుతుంది. వెయ్యి మంది లోపు ఉన్న సంస్థలో ఇద్దరి వాటాలూ. వివరాలు కావాలంటే మెసేజ్ పెట్టండి. ఫీజేం అడగను 🙂

సర్కారు_టీచరమ్మ | జూన్ 22, సాయంత్రం 5:30

ఈ చర్చలో మమ్మల్ని ఇంకా ఎవరూ తిట్టలేదు, ఆశ్చర్యంగా ఉంది.

నేను జిల్లా పరిషత్ స్కూల్లో బయాలజీ చెప్తా. పోయినేడు మార్చి, ఏప్రిల్, మే మూడు నెలలు మాకు సగం జీతమే ఇచ్చారు. మిగతా సగం తర్వాత విడతలుగా వచ్చింది. ఆ మూడు నెలలకే మా స్టాఫ్‌లో ఇళ్ల లోన్లున్నవాళ్లు గిలగిలలాడారు. ప్రైవేటు టీచర్లకు ఆగిన సగం ఎప్పటికీ రాదు. కాబట్టి ఆపొద్దనే నా ఓటు.

ఇంటర్_ఫిజిక్స్ | జూన్ 22, సాయంత్రం 5:52

ఓటు సరే మేడమ్. మీకు 30 శాతం ఫిట్‌మెంట్‌తో కొత్త జీతం ఈ నెల నుంచే. మీరు ఏడాదిగా ఏ పాఠం చెప్పారని?

సర్కారు_టీచరమ్మ | జూన్ 22, సాయంత్రం 6:20

సెప్టెంబరు 1 నుంచి టీశాట్, యాదగిరి చానల్లో పాఠాలు వస్తుంటే ఏ పిల్లాడు చూశాడో ఫోన్ చేసి కనుక్కున్నది మేమే. టీవీ లేని ఇళ్లకు వెళ్లి వర్క్‌షీట్లు ఇచ్చింది మేమే. చెక్‌పోస్టుల దగ్గరా, రేషన్ షాపుల దగ్గరా డ్యూటీలు వేసింది కూడా మాకే. ఆ పీఆర్సీ (వేతన సవరణ) 2018 నుంచి రావాల్సింది. మా జీతం మీద కోపం ఉంటే ఉండనివ్వండి, మా జీతం తగ్గిస్తే మీది పెరగదు కదా తమ్ముడూ.

ఇంటర్_ఫిజిక్స్ | జూన్ 22, సాయంత్రం 6:34

కోపం మీ మీద కాదులెండి. ఈ రెండు వేలు గుర్తింపు ఉన్న బళ్ల టీచర్లకూ సిబ్బందికే. జూనియర్ కాలేజీ లెక్చరర్లం మేం ఆ లిస్టులో లేం. డిగ్రీ కాలేజీ వాళ్లు లేరు. పక్క బిల్డింగులో అదే మేనేజ్‌మెంట్ నడిపే స్కూల్ టీచర్‌కు వస్తుంది, నాకు రాదు. లేని సాయం ఆపాలా ఉంచాలా అని నేనేం చెప్పాలి?

పాకాల_గాలి | జూన్ 22, సాయంత్రం 6:40

స్కూల్ గేటు దాటి లోపలికి రండి సార్, హాజరు వేయిస్తం.

నిర్వాహకుడు | జూన్ 22, సాయంత్రం 7:00

వ్యక్తుల మీదికి పోవద్దు. రెండు పోస్టులు తీసేశాను. పార్టీల గొడవకు వేరే పేజీ ఉంది, హుజూరాబాద్ ఎన్నిక ముచ్చట అక్కడ ఎంతైనా మాట్లాడుకోండి.

కొత్తవాడ_మగ్గం | జూన్ 23, ఉదయం 11:15

చేతికి పైసలివ్వడం కంటే చేతికి పని ఇవ్వడం మేలని నా అభిప్రాయం. సిరిసిల్లలో చూడండి. 2017 నుంచి బతుకమ్మ చీరల ఆర్డర్ ఇస్తున్నారు కాబట్టి కరోనాలో కూడా ఎప్పుడో ఒకప్పుడు సాంచలు (మరమగ్గాలు) నడుస్తాయన్న ధైర్యం ఉంది. మా కొత్తవాడ జంపఖానాలకు 2018లో జీఐ (భౌగోళిక) గుర్తింపు వచ్చింది కానీ, లాక్‌డౌన్‌లో ఆ గుర్తింపు కూర వండిపెట్టలేదు. ఎగ్జిబిషన్లు లేవు, సరుకు ఇంట్లోనే పేరుకుంది.

మమ్మల్ని ఒడ్డున పడేసింది పొదుపు. నేతన్నకు చేయూత అని ఉంది. నెల సంపాదనలో మేం 8 శాతం వేస్తే ప్రభుత్వం 16 శాతం వేస్తుంది. మరమగ్గాల వాళ్లకు ఎనిమిదికి ఎనిమిది. మామూలుగా మూడేళ్ల దాకా ముట్టుకోకూడదు. పోయినేడు లాక్‌డౌన్‌లో గడువు నిండకముందే తీసుకోనిచ్చారు. అది ఎవరో పెట్టిన దానం కాదు, మా పొదుపు మాకే వచ్చింది. తీసుకోవడానికి ఎవరి ముందూ తల వంచలేదు. లైన్లో నిలబడి ఫొటో దిగలేదు.

టీచర్లకు కూడా ఇలాంటిది అడగండి. రెండు వేలు ఇంకో మూడు నెలలు వస్తే తిని ఊరుకుంటారు. పొదుపు ఖాతా ఒకసారి మొదలైతే ఆపడం ఏ ప్రభుత్వానికైనా కష్టం.

లెక్కలసార్_హన్మకొండ | జూన్ 23, మధ్యాహ్నం 3:30

అన్నా, పని ఇవ్వడం అన్నది మా దగ్గర కుదరదు. చీరల ఆర్డర్ ఇవ్వొచ్చు, పాఠాల ఆర్డర్ ఎవరిస్తారు? బడి మూసింది ప్రభుత్వమే. తప్పని అనను, ఆ పరిస్థితిలో మూయాల్సిందే. కానీ ఆజ్ఞ వేసి పని ఆపినవాళ్లు ఆగినన్నాళ్లూ ఆ కూలి చూడాలి కదా. నేను సాయం అనే మాటను అందుకే ఒప్పుకోను. బియ్యం పంచేటప్పుడు ఫొటోలు తీసినప్పుడు నాకు మండింది అందుకే.

పొదుపు మాట మాత్రం చాలా నచ్చింది. 8కి 16 కాకపోయినా 8కి 8 అయినా చాలు.

మిర్చియార్డు_కౌలు | జూన్ 23, రాత్రి 8:45

సార్, రైతుబంధు ఒక్క పంటకు ఏడు వేల కోట్లకు పైనే పోతుంది. అందులో బీడు భూములకూ, ప్లాట్లు చేసినవాటికీ పోయేదెంతో ఎవరన్నా లెక్క తీస్తే మీ పొదుపూ వస్తది, మా కౌలుదారులకూ వస్తది.

సర్కారు_టీచరమ్మ | జూన్ 29, ఉదయం 7:15

వారం రోజులుగా ఇక్కడ ఎవరూ లేరు. నిన్న మంత్రి సబితా ఇంద్రారెడ్డి గారు చెప్పింది చూశారా? జూలై 1 నుంచి ఆన్‌లైన్ క్లాసులే, పిల్లలు బడికి రారు. ఫీజుల మీద జీవో 75 కూడా ఇచ్చారు. పోయినేడు లాగే, పెంపు లేదు, ట్యూషన్ ఫీజే, నెలనెలా.

నర్సంపేట_కరస్పాండెంట్ | జూన్ 29, ఉదయం 7:50

చూశా. రాత్రి నుంచి ఇద్దరు తండ్రులు ఫోన్ చేశారు, టీసీ ఇవ్వమని. సర్కారు బడిలో వేస్తారట.

"బళ్లు నిజంగా తెరిస్తే" అన్నాను, తెరవడం లేదు కాబట్టి నా షరతు ప్రకారమే సాయం ఉండాలి. కానీ నాకు ఒకటి తేల్చండి. సాయం రెండు వేలు ఉన్నంతకాలం టీచర్‌కు నేను ఇచ్చేది ఎంత అన్నది ఎవరూ చెప్పడం లేదు. లెస్టర్ తమ్ముడు చెప్పినట్టు ఇంత సర్కారుది, ఇంత నాది అని రాసిస్తే నేను దొంగను కాను, తల్లిదండ్రులకూ చూపించగలను. ఇప్పుడు పూర్తిగా నాదే అని టీచర్లు అంటారు, పూర్తిగా సర్కారుదే అని తల్లిదండ్రులు అంటారు.

లెక్కలసార్_హన్మకొండ | జూన్ 29, ఉదయం 10:20

ఇది నేను ఒప్పుకుంటా. మా సంఘం వాళ్లు డీఈవో (జిల్లా విద్యాధికారి) ఆఫీసులో వినతిపత్రం ఇస్తామంటున్నారు. ఈ చర్చలోంచి తీసుకుని ఇలా రాశాను, చూసి చెప్పండి:

"పిల్లలు బడికి వచ్చి కూర్చునే నెల దాకా ఇప్పుడిస్తున్నది అలాగే ఇవ్వాలి. ప్రత్యక్ష తరగతులు మొదలైన తర్వాత కూడా మూడు నెలలు కొనసాగించాలి. ఆ మూడు నెలల్లో సర్కారు వాటా దిగుతుంటే యాజమాన్యం వాటా పెరగాలి. ఎంతెంత అన్నది ముందే ప్రకటించాలి. ఆ కాలంలో యాజమాన్యం జీతాన్ని బ్యాంకు ఖాతాలోనే వేయాలి, వేసినట్టు రుజువు ఉన్న బడికే పథకం వర్తించాలి. జూనియర్ కాలేజీల సిబ్బందిని చేర్చాలి. పథకం ముగిసినా లిస్టును ఏటా సరిచూస్తూ ఉంచాలి."

ఇంటర్_ఫిజిక్స్ | జూన్ 29, ఉదయం 10:31

డిగ్రీ కాలేజీలు కూడా రాయండి సార్.

ఆడిటర్_సుబేదారి | జూన్ 29, ఉదయం 10:58

"రుజువు ఉన్న బడికే పథకం" అంటే కవర్లో ఇచ్చే బడి టీచర్ మళ్లీ నష్టపోతుంది. తప్పు యాజమాన్యానిది, శిక్ష ఆమెకు. టీచర్‌కు రావాల్సింది రానివ్వండి. బ్యాంకులో వేయని బడికి గుర్తింపు రెన్యువల్ దగ్గర పట్టుకోమని రాయండి.

నర్సంపేట_కరస్పాండెంట్ | జూన్ 29, ఉదయం 11:04

మళ్లీ మా మీదికే వచ్చారు 🙂 సరే, బ్యాంకులోనే వేస్తాం. ముందు ఫీజు రానివ్వండి.

లెక్కలసార్_హన్మకొండ | జూన్ 29, ఉదయం 11:20

మార్చాను. కౌలు అన్న మాట మా వినతిపత్రంలో పట్టదు కానీ, మీ సంఘం రాసుకునేదుంటే కాగితం పని నేను చేసిపెడతా.

మిర్చియార్డు_కౌలు | జూన్ 29, మధ్యాహ్నం 12:40

సంఘం ఉంటే కదా సార్. అయినా రాయండి, నలుగురితో సంతకం పెట్టిస్త.

పరకాల_తెలుగు_టీచర్ | జూన్ 29, మధ్యాహ్నం 2:15

కొత్తగా చేరాను. నా పేరు లిస్టులో ఉంది, బియ్యం కూడా వచ్చాయి, కానీ డబ్బులు ఒక్క నెలవీ పడలేదు. బడిలో అడిగితే పంపించాం అంటున్నారు. ఎవరిని అడగాలి?

ఆడిటర్_సుబేదారి | జూన్ 29, మధ్యాహ్నం 2:22

మీది ఆంధ్రా బ్యాంకు ఖాతానా అమ్మా?

పరకాల_తెలుగు_టీచర్ | జూన్ 29, మధ్యాహ్నం 2:25

అవునండీ. ఎలా తెలిసింది?

ఆడిటర్_సుబేదారి | జూన్ 29, మధ్యాహ్నం 2:37

ఆంధ్రా బ్యాంకు యూనియన్ బ్యాంకులో కలిసింది. పాత ఐఎఫ్ఎస్‌సీ కోడ్ ఈ ఏప్రిల్ 1 నుంచి చెల్లదు. మీ సార్లు పాత పాస్‌బుక్ జిరాక్స్ పంపి ఉంటారు, డబ్బు వెనక్కి పోయి ఉంటుంది. బ్రాంచికి వెళ్లి కొత్త కోడ్ ఉన్న పాస్‌బుక్ తీసుకోండి. ఆ కాగితం హెడ్మాస్టర్ సంతకంతో ఎంఈవో (మండల విద్యాధికారి) ఆఫీసులో ఇచ్చి, ఇచ్చినట్టు రసీదు అడగండి.

సిండికేట్ బ్యాంకు వాళ్లూ వినండి. మీ పాత కోడ్ జూలై 1 నుంచి పనిచేయదు, కెనరా కోడ్ తీసుకోవాలి. రేపొక్క రోజే టైం ఉంది.

లెక్కలసార్_హన్మకొండ | జూన్ 29, మధ్యాహ్నం 2:44

మా స్టాఫ్‌లో ఇద్దరికి సిండికేటే. ఇప్పుడే ఫోన్ చేస్తున్నా.